రోబో ఆగిపోతే తప్పు కోడ్‌దా, కరెంటుదా?

యూఎస్‌బీ కేబుల్ తగిలించి, చక్రాలు గాలిలో ఉంచి చూస్తే రోబో చెప్పినట్టు వింటుంది. కేబుల్ తీసి, బ్యాటరీ స్విచ్ వేసి నేల మీద పెట్టగానే అర అడుగు ఉరికి ఆగిపోతుంది. ఒకటి రెండు క్షణాల తర్వాత మళ్లీ ఉరుకుతుంది, మళ్లీ ఆగుతుంది. అప్పుడు అందరూ ముందుగా తెరిచేది స్కెచ్‌నే, అంటే బోర్డులోకి ఎక్కించిన కోడ్‌నే. డిలేలు మారుస్తారు, షరతులు తిరగరాస్తారు, లైబ్రరీ మారుస్తారు, చివరికి బోర్డు పాడైందని కొత్తది కొంటారు. కొత్త బోర్డూ అలాగే ప్రవర్తిస్తుంది. కోడ్‌లో ఏ తప్పూ లేదు. మోటార్లు కదలబోయిన ఆ క్షణంలో బోర్డుకు అందాల్సిన 5 వోల్టులు అందలేదు, అంతే.

చిన్న రోబోలో రెండు దారులుంటాయి. ఒకటి ఆజ్ఞల దారి: బోర్డు పిన్ నుంచి డ్రైవర్‌కు (బోర్డు ఆజ్ఞ విని మోటారుకు కరెంటు వదిలే మాడ్యూల్‌కు) వెళ్లే సన్నటి వైర్లు, మిల్లీ ఆంపియర్లలో నడిచే సంకేతాలు. రెండోది కరెంటు దారి: బ్యాటరీ నుంచి స్విచ్, డ్రైవర్ మీదుగా మోటారుకు వెళ్లి గ్రౌండ్ (బ్యాటరీ నెగెటివ్‌కు కలిసే ఉమ్మడి తీగ) గుండా తిరిగొచ్చే ఆంపియర్లు. ఈ రెండూ గ్రౌండ్ దగ్గర కలుస్తాయి, చిక్కులన్నీ ఆ కలిసే చోటే పుడతాయి. అందుకే బోర్డును పరీక్షించేటప్పుడు ఒక్కో దారిని విడిగా చూసుకుని, ఆ తర్వాతే కలపాలి.

ఉదాహరణకు ఆర్డుయినో యూనో ఆర్3 బోర్డు, ఎర్ర రంగు ఎల్298ఎన్ మోటారు డ్రైవర్, రెండు పసుపు బీఓ మోటార్లు (గేర్లున్న చిన్న ప్లాస్టిక్ మోటార్లు), రెండు 18650 లిథియం సెల్స్ తీసుకుందాం. కాలేజీ లైన్ ఫాలోయర్ (గీత వెంట నడిచే రోబోల) పోటీల్లో తరచూ కనిపించేది ఈ జతే. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో రోబో సామాను అడిగితే చేతిలో పెట్టేదీ దాదాపు ఇదే. బోర్డు వేరైనా, డ్రైవర్ వేరైనా పరీక్షించే వరుస మాత్రం మారదు.

మోటారు ఎంత లాగుతుందో ముందే లెక్క కట్టండి

యూనోలోని ఏటీమెగా328పి చిప్ ఒక్కో పిన్ నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా నిశ్చింతగా ఇస్తుంది. 40 అనేది చిప్ తట్టుకునే చివరి హద్దు, అక్కడ నడపకూడదు. అన్ని పిన్‌లూ కలిపి 200 దాటకూడదు. బీఓ మోటారు బరువేమీ లేకుండా తిరిగేటప్పుడే 150 మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూగా తీసుకుంటుంది. మోటారును నేరుగా పిన్‌కు కలిపితే చిప్ కాలిపోయేది ఇందుకే.

అసలు చూడాల్సింది స్టాల్ కరెంటు, అంటే చక్రం బిగుసుకుపోయినప్పుడు లాగే కరెంటు. దాన్ని కొలవడానికి మోటారును బలవంతంగా పట్టుకుని ఆపక్కర్లేదు. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి మోటారు రెండు కొసల మధ్య నిరోధం చూడండి. చక్రాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిట్లో తక్కువ అంకె తీసుకోండి. బ్రష్‌లు ఆనే చోటును బట్టి విలువ మారుతుంటుంది. ప్రోబులు రెండూ తాకించినప్పుడు కనబడే అర ఓమ్‌నో ఎంతో అందులోంచి తీసేయండి. 5 ఓమ్‌లు మిగిలితే, 6 వోల్టుల దగ్గర స్టాల్ కరెంటు 1.2 ఆంపియర్లు. రెండు మోటార్లకు 2.4.

స్టాల్ ఎప్పుడో గోడకు గుద్దినప్పుడు మాత్రమే వస్తుందనుకోవద్దు. ఆగి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టే ప్రతిసారీ ఆ మొదటి క్షణంలో అది లాగేది స్టాల్ కరెంటే. నిండు వేగంతో ముందుకు పోతున్నప్పుడు ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఇంకా ఎక్కువ. తిరుగుతున్న మోటారు తానే పుట్టించే వోల్టేజి బ్యాటరీ వోల్టేజికి తోడై, కరెంటు స్టాల్‌కు దాదాపు రెట్టింపు దాకా పోతుంది. వెనక్కి తిరిగేటప్పుడే రోబోలు ఎక్కువగా రీసెట్ అవడానికి కారణం ఇదే.

ఎల్298ఎన్: మూడు స్క్రూలు, ఒక జంపర్

ఈ మాడ్యూల్ మీద పక్కపక్కనే మూడు స్క్రూ టెర్మినల్స్ ఉంటాయి: 12 వోల్ట్, గ్రౌండ్, 5 వోల్ట్. కొత్తవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది మూడోదే. అది కరెంటు తీసుకునే చోటా, ఇచ్చే చోటా? జవాబు వాటి వెనకున్న చిన్న జంపర్ (రెండు పిన్‌లను కలిపే తొడుగు) మీద ఆధారపడి ఉంటుంది. జంపర్ పెట్టి ఉంటే మాడ్యూల్ మీదున్న 78ఎం05 రెగ్యులేటర్ (బ్యాటరీ వోల్టేజిని 5 వోల్టులకు దించి నిలిపే చిప్) పనిచేస్తుంది, అప్పుడు 5 వోల్ట్ స్క్రూ బయటికి ఇస్తుంది. జంపర్ తీసేస్తే ఆ రెగ్యులేటర్ ఆగుతుంది, డ్రైవర్ లాజిక్ (ఆజ్ఞలు చదివే భాగం) కోసం 5 వోల్టులు మనమే బయటి నుంచి ఇవ్వాలి. బ్యాటరీ 12 వోల్టులు దాటితే జంపర్ తీసేయాలి, లేకపోతే రెగ్యులేటర్ మాడుతుంది. జంపర్ ఉంచి, అదే స్క్రూకు యూనో నుంచి కూడా 5 వోల్టులు తెచ్చి కలిపితే రెండు రెగ్యులేటర్లు ఒకే తీగ మీద పోటీ పడతాయి. వెంటనే పొగ రాకపోవచ్చు గానీ ఏదో ఒకటి వేడెక్కుతూనే ఉంటుంది.

ఎల్298ఎన్‌ది పాత తరం ట్రాన్సిస్టర్ల నిర్మాణం. తన గుండా పోయే కరెంటు నుంచి అదే కొంత వోల్టేజి మింగేస్తుంది. ఒక ఆంపియర్ దగ్గర ఆ నష్టం కనీసం 1.8 వోల్టులు, 3.2 దాకా పోవచ్చని డేటాషీటే చెబుతుంది. 2 ఆంపియర్ల దగ్గర 4.9 దాకా. పోయిన వోల్టేజి అంతా వేడిగా మారుతుంది, నల్లటి హీట్ సింక్ ఉన్నది దానికోసమే. 7.4 వోల్టుల బ్యాటరీ నుంచి మోటారుకు చేరేది సుమారు ఐదున్నర వోల్టులు. 6 వోల్టుల బీఓ మోటారుకు అది సరిగ్గా సరిపోతుంది. అదే డ్రైవర్‌కు నాలుగు రీచార్జబుల్ ఏఏ సెల్స్ (4.8 వోల్టులు) ఇస్తే మోటారుకు మిగిలేది 3 వోల్టులే. పైగా 78ఎం05 నికరంగా 5 వోల్టులు ఇవ్వాలంటే దానికి 7 వోల్టులు అందాలి కాబట్టి లాజిక్‌కూ కరెంటు చాలదు. మోటారు మూలుగుతుంది, తిరగదు. నాలుగు ఏఏ సెల్స్‌తోనే నడపాలనుకుంటే టీబీ6612 లేదా డీఆర్‌వీ8833 మాడ్యూల్ కొనండి. వాటిలోపల మాస్‌ఫెట్లు అనే కొత్త తరం ట్రాన్సిస్టర్లు ఉంటాయి, నష్టం చాలా తక్కువ. కాకపోతే టీబీ6612 ఒక్కో ఛానెల్‌కు నిలకడగా ఇచ్చేది 1.2 ఆంపియర్లే, అందుకే పైన చెప్పిన ఓమ్స్ లెక్క ముందే కట్టుకోవాలి. దాని స్టాండ్‌బై పిన్‌ను 5 వోల్టులకు కలపడం మరిచిపోతే ఎన్ని ఆజ్ఞలిచ్చినా ఉలకదు, పలకదు.

బ్యాటరీ ఎంపిక, బోర్డు మగత

చదరపు 9 వోల్టుల బ్యాటరీ రోబోకు పనికిరాదు. అది పొగ అలారాలకూ మల్టీమీటర్లకూ చేసిన బ్యాటరీ. కొత్త ఆల్కలైన్‌దైనా లోపలి నిరోధం ఒకటి రెండు ఓమ్‌లు ఉంటుంది, చవక రకాల్లో ఇంకా ఎక్కువ. దాని నుంచి 2 ఆంపియర్లు లాగబోతే 2 నుంచి 4 వోల్టులు బ్యాటరీ లోపలే పోతాయి. ఇంకో 2 వోల్టులు డ్రైవర్ తింటుంది. బయట మల్టీమీటర్‌తో చూస్తే మాత్రం నిక్షేపంగా 9 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు లాగదు. బ్యాటరీ మంచిదో కాదో మోటార్లు తిరుగుతుండగా కొలిచిన వోల్టేజే చెప్పాలి. ఈ ఒక్క అలవాటు సగం సమస్యల్ని పట్టిస్తుంది.

రెండు 18650 సెల్స్ వరసగా కలిపితే నిండుగా 8.4, మామూలుగా 7.4 వోల్టులు. ఒక్కో సెల్ 3.2 వోల్టులకు, అంటే జత 6.4కి దిగగానే ఆపేసి చార్జి చేయాలి. ఇవి నిమిషాల్లో నిప్పు పెట్టగల సెల్స్, కాబట్టి పాజిటివ్ వైరు మీద 3 ఆంపియర్ల ఫ్యూజ్ తప్పనిసరిగా ఉండాలి. నీలి రంగు టీపీ4056 చార్జర్ బోర్డు ఒక్క సెల్‌కు మాత్రమే. వరసగా కలిపిన జతను దానికి కలపకూడదు, సెల్స్ తీసి విడివిడిగా చార్జి చేయాలి. ఎల్298ఎన్ మాడ్యూల్‌కు గానీ యూనో విన్ పిన్‌కు (బోర్డుకు బ్యాటరీ కరెంటు ఇచ్చే పిన్) గానీ తిరగేసి కలిపిన బ్యాటరీ నుంచి రక్షణ లేదు. యూనో గుండ్రటి జాక్‌కు మాత్రం కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ ఒకటి అడ్డం ఉంటుంది. పాజిటివ్ వైరులో 1ఎన్5822 షాట్కీ డయోడ్ పెడితే అర వోల్టు పోతుంది గానీ బోర్డు బతుకుతుంది.

ఇక బోర్డుకు కరెంటు ఎలా ఇవ్వాలి? స్విచ్ దాటాక బ్యాటరీ పాజిటివ్‌ను రెండుగా చీల్చండి: ఒకటి ఎల్298ఎన్ 12 వోల్ట్ స్క్రూకు, ఇంకొకటి యూనో విన్ పిన్‌కు. యూనో మీది రెగ్యులేటర్‌కు ఒక వోల్టు పైచిలుకు తేడా చాలు, కాబట్టి బ్యాటరీ 6.4కి దిగినా బోర్డుకు 5 వోల్టులు నిలుస్తాయి. చాలామంది చేసే పొరపాటు ఎల్298ఎన్ 5 వోల్ట్ స్క్రూ నుంచి తెచ్చిన వైరును విన్‌కు కలపడం. 5 వోల్టులు మళ్లీ ఇంకో రెగ్యులేటర్ గుండా పోయి 3.9 దగ్గర తేలతాయి. బోర్డు మీద లైటు వెలుగుతుంది, బ్లింక్ స్కెచ్ (ఎల్ఈడీని మినుకుమనిపించే చిన్న ప్రోగ్రాం) నడుస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడవాలంటే ఏటీమెగా328పికి కనీసం 3.78 వోల్టులు కావాలి. చిప్ తనను తాను రీసెట్ చేసుకునే హద్దు యూనోలో 2.7 వోల్టుల దగ్గర పెట్టి ఉంటుంది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీ చాలా ప్రమాదకరం. వోల్టేజి 2.7 కన్నా కిందికి పడితే చిప్ శుభ్రంగా రీసెట్ అవుతుంది, ఏం జరిగిందో మనకు తెలుస్తుంది. 2.7కూ 3.78కూ మధ్య ఊగితే రీసెట్ కాదు, సరిగా నడవదు కూడా. ఒక లెక్క తప్పుతుంది, ఒక వేరియబుల్‌లో విలువ చెడుతుంది, లూప్ మధ్యలో బిగుసుకుపోతుంది. కోడ్‌లో తప్పుందని ప్రమాణం చేసి చెప్పేలా ప్రవర్తిస్తుంది. పదిసార్లలో ఏడుసార్లు బాగా నడిచి మూడుసార్లు తిక్కగా పోయే రోబోలో ముందు అనుమానించాల్సింది ఈ మగతనే.

యూనో 5 వోల్ట్ పిన్‌కు బయటి బక్ కన్వర్టర్ (వోల్టేజి దించే మాడ్యూల్) నుంచి కరెంటు ఇవ్వడం కూడా మంచి పద్ధతే, సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి నిలిచేది) ఉంటే అదే మేలు. ఎస్‌జీ90 లాంటి చిన్న సర్వో కూడా బిగిస్తే అర ఆంపియర్ దాటి లాగుతుంది, దానికి యూనో రెగ్యులేటర్ చాలదు. అయితే బక్ కన్వర్టర్‌గా వాడే ఎల్ఎం2596 మాడ్యూల్ మీద స్క్రూ తిప్పి ముందే 5.0 వోల్టులకు పెట్టుకుని, మీటరుతో చూసుకున్న తర్వాతే బోర్డుకు కలపాలి. కొత్త మాడ్యూల్ ఏ వోల్టేజి దగ్గర పెట్టి వస్తుందో చెప్పలేం. ఇలా 5 వోల్ట్ పిన్ మీద కరెంటు ఇస్తున్నప్పుడు యూఎస్‌బీ కేబుల్ కూడా గుచ్చకండి, విన్ నుంచి కరెంటు వచ్చేటప్పుడు యూఎస్‌బీ కరెంటును పక్కన పెట్టే ఏర్పాటు బోర్డు మీద ఉంది, ఈ పిన్‌కు అది లేదు.

పరీక్షించే వరుస

మొదటి పరీక్షకు కరెంటే అక్కర్లేదు. వైరింగంతా అయ్యాక, సెల్స్ పెట్టకముందు, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉంటే కూత పెట్టే సెట్టింగ్‌లో) పెట్టి 5 వోల్ట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య, బ్యాటరీ పాజిటివ్‌కూ నెగెటివ్‌కూ మధ్య చూడండి. నిలిచి కూత పెడితే షార్ట్ ఉంది. ఒక్క క్షణం కూసి ఆగితే అది కెపాసిటర్ నిండుతున్న చప్పుడే. తర్వాత యూనో గ్రౌండ్, డ్రైవర్ గ్రౌండ్, బ్యాటరీ నెగెటివ్ మూడింటి మధ్యా తప్పకుండా కూయాలి. డ్రైవర్ పిన్‌కు ‘హై’ అని పంపితే అది దేనితో పోల్చి హై? గ్రౌండ్‌తోనే. ఆ తీగ లేకపోతే ఆజ్ఞకు అర్థమే లేదు. చేత్తో తాకితే ఒకలా, తాకకపోతే మరోలా మోటారు తిరుగుతుంటే గ్రౌండ్ కలవలేదని గుర్తు. పొడవాటి బ్రెడ్‌బోర్డులు కొన్నిటిలో ఎర్ర, నీలి గీతలు మధ్యలో తెగి ఉంటాయి, అక్కడ లోపల కూడా పట్టీ తెగి ఉంటుంది. సగం బోర్డుకే గ్రౌండ్ అందుతుంది.

రెండోది ఒంటరి యూనో. యూఎస్‌బీ తప్ప ఇంకేదీ తగిలించకుండా బ్లింక్ స్కెచ్ ఎక్కించండి. పోర్టే కనబడకపోతే మొదట కేబుల్ మార్చండి, ఫోన్ చార్జింగ్ కేబుళ్లలో కొన్నిటికి డేటా తీగలే ఉండవు. చవక బోర్డుల్లో యూఎస్‌బీ పని చూసేది సీహెచ్340 చిప్, విండోస్‌లో దానికి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేయాల్సి రావచ్చు. ఉబుంటు 22.04లో బ్రెయిలీ తెరల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం ఈ చిప్‌ను తన పరికరమే అనుకుని పోర్టును లాగేసుకోవచ్చు. దాన్ని తీసేస్తే పోర్టు తిరిగొస్తుంది. ఆర్డుయినో నానో బోర్డు అయితే, పోర్టు కనబడుతున్నా అప్‌లోడ్ మొరాయిస్తుంటే, ప్రాసెసర్ జాబితాలో ‘ఓల్డ్ బూట్‌లోడర్’ ఎంచి చూడండి.

అప్పటికీ ఎక్కకపోతే తప్పు యూఎస్‌బీ చిప్‌దా, ప్రధాన చిప్‌దా అని తేల్చే చిట్కా ఒకటుంది. రీసెట్ పిన్‌ను గ్రౌండ్‌కు, 0 పిన్‌ను 1 పిన్‌కు వైర్లతో కలపండి. రీసెట్‌లో ఉన్న ప్రధాన చిప్ నిద్రపోతుంది. ఇప్పుడు సీరియల్ మానిటర్‌లో (బోర్డుతో మాట్లాడే కంప్యూటర్ కిటికీలో) టైప్ చేసింది అలాగే తిరిగి కనబడితే కేబుల్, డ్రైవర్ సాఫ్ట్‌వేర్, యూఎస్‌బీ చిప్ మూడూ బాగున్నట్టే. మిగిలింది ప్రధాన చిప్ లేదా దాని బూట్‌లోడర్ (స్కెచ్‌ను చిప్‌లోకి ఎక్కించుకునే ప్రోగ్రాం).

0, 1 పిన్‌ల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. అప్‌లోడ్ జరిగేది ఆ రెండు పిన్‌ల మీదుగానే. హెచ్‌సీ-05 బ్లూటూత్ అక్కడ ఉంటే అప్‌లోడ్ చేసేటప్పుడు పీకాలి. మోటారు డ్రైవర్ వైర్లు అక్కడ పెడితే స్కెచ్ ఎక్కుతున్నంతసేపూ చక్రాలు వణుకుతాయి.

మూడోది ఒంటరి డ్రైవర్. ఎంతోమంది వదిలేసేది ఈ మెట్టునే, దీని విలువ మాత్రం చాలా ఎక్కువ. యూనోను పూర్తిగా విప్పేయండి. బ్యాటరీని ఎల్298ఎన్‌కు కలిపి, ఈఎన్ఏ, ఈఎన్‌బీ (మోటార్ల వేగం చెప్పే పిన్‌లు) జంపర్లు వాటి చోటే ఉంచి, దిశ చెప్పే ఐఎన్ పిన్‌లు పట్టుకోండి: మాడ్యూల్ 5 వోల్ట్ స్క్రూ నుంచి ఒక వైరు ఐఎన్1కు, గ్రౌండ్ నుంచి ఒకటి ఐఎన్2కు తాకించండి. మోటారు ఒక వైపు తిరగాలి. వైర్లు మార్చితే రెండో వైపు తిరగాలి. ఐఎన్3, ఐఎన్4లకూ ఇలాగే. ఇది జరిగితే బ్యాటరీ, డ్రైవర్, మోటారు, సోల్డరింగ్ అన్నీ ఒక్క వరుస కోడ్ లేకుండానే ఖాయమైనట్టు. ఇక్కడే తిరగని మోటారు కోసం స్కెచ్ దిద్దడం దండగ. బీఓ మోటారు రేకు కొసలు చాలా పలచగా ఉంటాయి, రెండుసార్లు వంచితే ఊడిపోతాయి. వైర్లను సోల్డర్ చేశాక మోటారు ఒంటికి జిప్ టై వేసి బిగిస్తే లాగినప్పుడు బలం రేకు మీద పడదు.

నాలుగోది కలపడం. ఈఎన్ఏ, ఈఎన్‌బీ జంపర్లు తీసి, అక్కడి 5 వోల్ట్ పిన్‌లను వదిలేసి, ఈఎన్ పిన్‌లకు యూనో 5, 6 పిన్‌లు ఇవ్వండి. ఐఎన్1 నుంచి ఐఎన్4 దాకా 7, 8, 12, 4 ఏవైనా సరే. బోర్డుకు కరెంటు ఇచ్చాక బూట్‌లోడర్ నడిచే కొద్దిసేపు పిన్‌లన్నీ గాలిలో వేలాడుతున్నట్టే ఉంటాయి. ఆ సమయంలో రోబో ఉలిక్కిపడి కదలకుండా ఈఎన్ఏ, ఈఎన్‌బీల నుంచి గ్రౌండ్‌కు ఒక్కో 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి.

స్కెచ్ మొదట్లోనే, సెటప్‌లో (బోర్డు మొదలైనప్పుడు ఒక్కసారే నడిచే భాగంలో), 13వ పిన్ ఎల్ఈడీని మూడుసార్లు గబగబా వెలిగించి ఆర్పండి. ఇది అలంకారం కాదు, రీసెట్‌ను పట్టించే గంట. రోబో నేల మీద తిరుగుతుండగా ఆ మూడు మినుకులు మళ్లీ కనబడితే బోర్డు రీసెట్ అయిందని అర్థం, తప్పు కరెంటు దారిలో ఉంది. మినుకులు లేకుండా ఆగిపోతే కోడ్ చూడొచ్చు, పైన చెప్పిన మగతనూ చూడాలి. ఒక్క మినహాయింపు: సీరియల్ మానిటర్ తెరిచినప్పుడు యూనో రీసెట్ కావడం దాని సహజ గుణం, అది లోపం కాదు.

ఇటుక మీదో పెట్టె మీదో రోబోను ఎత్తి, చక్రాలు గాలిలో ఉండగా పీడబ్ల్యూఎం విలువను (మోటారు వేగం కోసం 255 దాకా ఇచ్చే అంకెను) సున్నా నుంచి ఐదైదు చొప్పున పెంచుతూ పోండి. మోటారు మూలగడం ఎక్కడ మొదలైందో, తిరగడం ఎక్కడ మొదలైందో రెండు మోటార్లకూ విడిగా రాసుకోండి. ఎల్298ఎన్ నష్టం, గేర్ల రాపిడి వల్ల కింది విలువలన్నీ ఉత్త శబ్దమే. నేల మీద బరువుతో ఆ అంకె ఇంకా పెరుగుతుంది. నెమ్మదిగా పోవాలని 40 ఇచ్చి, రోబో కదల్లేదని బాధపడటంలో అర్థం లేదు. ఆ అంకె దగ్గర మోటారు స్టాల్‌లోనే ఉంటుంది, ఉన్న కొద్ది కరెంటూ వేడిగా పోతుంది.

ఆపడంలోనూ రెండు రకాలున్నాయి. ఈఎన్‌ను సున్నా చేస్తే మోటారు వదిలేసినట్టు జారుతూ ఆగుతుంది. ఈఎన్ నిండుగా ఉంచి రెండు ఐఎన్ పిన్‌లనూ ఒకే స్థితిలో పెడితే బ్రేక్ పడుతుంది. గీత మీద మలుపులు తీసుకునే రోబోకు రెండోదే కావాలి.

కోడ్‌లో నిజంగా దొరికే చిక్కులు

కరెంటు దారి ఖాయమయ్యాక కూడా ఒక చక్రం హఠాత్తుగా పీడబ్ల్యూఎం వినడం మానేస్తే, ఈమధ్య ఏ లైబ్రరీ చేర్చారో గుర్తు చేసుకోండి. యూనోలో టైమర్లు మూడే, ఆరు పీడబ్ల్యూఎం పిన్‌లు (3, 5, 6, 9, 10, 11) వాటిని పంచుకుంటాయి. సర్వో లైబ్రరీ చేర్చి సర్వోను తగిలించగానే 9, 10 పిన్‌ల మీద పీడబ్ల్యూఎం పోతుంది, సర్వో వేరే పిన్ మీద ఉన్నా సరే. బజర్ కోసం టోన్ ఫంక్షన్ వాడితే 3, 11 పిన్‌లు దెబ్బతింటాయి. 5, 6 పిన్‌లు మిల్లిస్, డిలే అనే కాలం లెక్కపెట్టే ఫంక్షన్లు నడిచే టైమర్ మీద ఉంటాయి. వాటిని మామూలుగా వాడుకోవచ్చు గానీ ఆ టైమర్ వేగం మార్చారంటే మీ డిలేలన్నీ తారుమారవుతాయి. మోటార్ల వేగానికి 5, 6 సూచించింది ఇందుకే, సర్వో గానీ బజర్ గానీ వాటి జోలికి రావు.

అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04 విషయంలో ఎకో ఎంతసేపట్లో వచ్చిందో కొలిచే పల్స్‌ఇన్ అనే ఫంక్షన్ జాగ్రత్త. ఎకో రాకపోతే అది ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పకపోతే ఒక సెకను దాకా ఎదురుచూస్తుంది. ఎకో వైరు ఊడిందంటే జరిగేది అదే. 65 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 150 చుట్లు తిరిగితే సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు. అంటే ప్రతి కొలతకూ రోబో అర మీటరు గుడ్డిగా పోతుంది. ఒక సెంటీమీటరు దూరానికి శబ్దం పోయి రావడానికి 58 మైక్రోసెకన్లు, రెండు మీటర్లకు 11,600. కాబట్టి హద్దుగా 15,000 మైక్రోసెకన్లు రాసేయండి. హద్దు దాటితే పల్స్‌ఇన్ సున్నా ఇస్తుంది. ఆ సున్నాను ‘అడ్డంకి సున్నా సెంటీమీటర్లలో ఉంది’ అని చదివే స్కెచ్‌లు ఎన్నో. ముందు ఖాళీ మైదానం ఉన్నా ఆ రోబో గింగిరాలు తిరుగుతుంటుంది. సున్నా అంటే ఏమీ కనబడలేదని విడిగా రాసుకోవాలి.

గీతను చూసే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్లకు ఎండ పడదు. గదిలో తిప్పి సరిచేసిన స్క్రూ, పోటీ రోజు కిటికీ పక్కన ట్రాక్ మీద పనికిరాకుండా పోతుంది. సెన్సర్‌ను నేలకు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి, పక్కల నుంచి వెలుగు రాకుండా నల్ల కాగితంతో గోడ కట్టి, ట్రాక్ ఉన్న చోటే స్క్రూ తిప్పండి.

మోటార్లు ఆగి ఉన్నప్పుడు స్థిరంగా ఉండే సెన్సర్ విలువలు, తిరగగానే ఎగిరెగిరి పడితే అది బ్రష్‌ల నిప్పురవ్వల గోల. ప్రతి మోటారు రెండు కొసల మధ్య 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారాడ్ సిరామిక్ కెపాసిటర్ సోల్డర్ చేయండి. మోటారు దగ్గరే చేయాలి, డ్రైవర్ దగ్గర చేస్తే వైరు పొడవునా గోల పాకుతుంది. మోటారు వైర్లు రెండింటినీ జడలా మెలిపెట్టండి. డ్రైవర్ 12 వోల్ట్, గ్రౌండ్ స్క్రూల మధ్య 470 లేదా 1000 మైక్రోఫారాడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెట్టండి. దాని మీద గీత ఉన్న కాలు గ్రౌండ్ వైపు ఉండాలి, తిరగేస్తే పేలుతుంది. మోటారు ఊపందుకునే మొదటి క్షణపు లాగుడులో కొంత అది భరిస్తుంది. మిగతాది కోడ్‌తో తగ్గించొచ్చు: వేగాన్ని ఒక్కసారిగా కాక 200, 300 మిల్లీసెకన్లలో మెట్లుమెట్లుగా పెంచండి, వెనక్కి తిప్పే ముందు 100 మిల్లీసెకన్లు బ్రేక్ వేయండి.

నేల మీదికి

గ్రౌండ్‌కూ 5 వోల్ట్‌కూ మల్టీమీటర్ ప్రోబులు బిగించి, మినిమమ్ పట్టే బటన్ ఉంటే నొక్కి, రోబోను ముందుకు, వెనక్కు పదిసార్లు కుదిపేలా నడపండి. చవక మీటరు మరీ చిన్న పతనాలను చూడలేదు, కాబట్టి అందులో 4.7 కన్నా కిందికి కనబడితే నిజంగా పడింది ఇంకా లోతుకే. కరెంటు దారిలో ఎక్కడ పోతోందో పట్టడానికి, మోటార్లు తిరుగుతుండగా ఒక ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకోటి డ్రైవర్ 12 వోల్ట్ స్క్రూ మీద పెట్టండి. 0.2 వోల్టులకు మించి చూపిస్తే స్విచ్‌దో, వదులు స్క్రూదో, సన్న జంపర్ వైరుదో దోషం. షాట్కీ డయోడ్ పెట్టినవాళ్లు దాని అర వోల్టు తీసేసి చూడాలి. బ్రెడ్‌బోర్డు కోసం అమ్మే సన్న జంపర్ వైర్లు ఆజ్ఞల దారికే, బ్యాటరీ నుంచి డ్రైవర్ దాకా మందపాటి వైరు వాడాలి. గ్రౌండ్ వైపు కూడా ఇలాగే కొలవాలి, అటు పోయే వోల్టేజి ఎవరికీ గుర్తు రాదు.

తిన్నగా పోవాల్సిన రోబో ఒక వైపు లాగితే, రెండు మీటర్ల దూరంలో ఎంత పక్కకు పోయిందో కొలిచి, వేగంగా ఉన్న మోటారు పీడబ్ల్యూఎంను మూడు, నాలుగు చొప్పున తగ్గిస్తూ రండి. అంతకన్నా ముందు, ఎటైనా తిరిగే చిన్న కాస్టర్ చక్రంలో వెంట్రుకలూ దారాలూ చుట్టుకున్నాయేమో చూడండి. ఒక చక్రం ఎదురు తిరుగుతుంటే ఆ మోటారు రెండు వైర్లను డ్రైవర్ స్క్రూ దగ్గర అటూ ఇటూ మార్చితే చాలు, దానికోసం కోడ్‌లో గుర్తులు తిప్పుకుంటూ పోతే రేపు ఇంకొకరు చదవలేరు.

ఈ సరిచేసిన అంకెలు బ్యాటరీ నిండుగా ఉన్నప్పటివి. 8.4 దగ్గర తిన్నగా పోయిన రోబో 7 దగ్గర పక్కకు పోవచ్చు. అందుకే బోర్డు తన బ్యాటరీని తానే చూసుకునే ఏర్పాటు ఉండాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 100 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్ పెట్టి, రెండూ కలిసే చోటును ఏ0 పిన్‌కు ఇవ్వండి. అనలాగ్ రిఫరెన్స్‌ను (కొలిచేటప్పుడు చిప్ పోల్చి చూసే వోల్టేజిని) లోపలి 1.1 వోల్టులకు మార్చండి. మామూలుగా ఉండే 5 వోల్టుల రిఫరెన్స్‌తో కొలిస్తే, ఆ 5 వోల్టులే పడినప్పుడు కొలత కూడా తప్పుతుంది. 8.4 వోల్టులకు 710 దగ్గర, 6.4కు 541 దగ్గర అంకె రావాలి. లోపలి రిఫరెన్స్ ఒక్కో చిప్‌కు 1.0 నుంచి 1.2 దాకా మారుతుంది కాబట్టి, మల్టీమీటర్‌తో బ్యాటరీ కొలిచి మీ బోర్డుకు సరైన గుణకం ఒకసారి కట్టుకోండి. మోటార్లు ఆగి ఉన్నప్పుడు అంకె 6.4 వోల్టుల కిందికి వరసగా ఐదుసార్లు వస్తే, ఈఎన్ఏ, ఈఎన్‌బీలు సున్నా చేసి, 13వ పిన్ ఎల్ఈడీని నెమ్మదిగా మినుకుమనిపిస్తూ అక్కడే ఆగిపోయేలా రాయండి. సెటప్‌లోని మూడు గబగబ మినుకులకూ దీనికీ తేడా దూరం నుంచే కనబడుతుంది.